ఇటలీ పంపే ముందు పిల్లలకి ఉండటానికి ఇల్లుందో లేదో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మీ పేపర్ నేను రోజూ ఫోన్లో చదువుతాను, జిల్లా పేజీలతో సహా, మా అమ్మావాళ్ళు ఉండేది బాపట్లలో కాబట్టి. ఈ మధ్య చదువుల పేజీ పక్కనే ఇటలీలో ఉచిత చదువు, స్కాలర్‌షిప్ గ్యారంటీ అని యాడ్స్ తెగ వస్తున్నాయి. నేను ఉండేది ఆ ఇటలీలోనే, బొలోన్యా అనే పాత ఊళ్ళో, మా ఆయన ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం, మా పాప కూడా ఇక్కడి సర్కారు బడిలోనే చదువుతోంది. సెప్టెంబర్ వచ్చిందంటే మన పిల్లలు సూట్‌కేసులతో దిగుతారు, ఎవరో ఒకరు నా నంబర్ ఇస్తారు, ఇక మొదలు, అక్కా రూమ్ ఏమన్నా ఉందా, అక్కా ఈ వారం వరకే హాస్టల్ బుక్ అయింది తర్వాత ఎక్కడికి వెళ్ళాలో తెలీట్లేదు అని. వాళ్ళ గొంతులు విని విని ఇక ఊరుకోలేక రాస్తున్నాను, దయచేసి కట్ చేయకుండా వేయండి.

యాడ్స్‌లో సగం నిజం ఉంది, అది ముందే ఒప్పుకోవాలి. ఇక్కడ గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఫీజు ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ఆదాయం తక్కువైతే ఫీజు బాగా తగ్గిపోతుంది. ఎర్గో అని ఈ ఎమీలియా-రొమాన్యా ప్రాంతం వాళ్ళ సంస్థ ఒకటుంది, అది స్కాలర్‌షిప్‌లు, హాస్టల్ గదులు ఇస్తుంది, పరాయి దేశం పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. ఇంత పెద్ద మనసు చూపించే దేశాలు ఎన్నున్నాయి చెప్పండి, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ గ్యారంటీ అనే మాట మాత్రం అబద్ధం. తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఒక్కటి చాలదు, ఇంట్లో ఎంతమంది, ఎవరి సంపాదన ఎంత, ఇళ్ళు ఏమున్నాయి, బ్యాంకులో ఎంతుంది అన్నిటికీ కాగితాలు కావాలి, వాటికి అపోస్టిల్ ముద్ర, అంటే మన కాగితం పరాయి దేశంలో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర, కావాలి, ఇటాలియన్‌లోకి అనువాదం కావాలి, అవన్నీ చూసి ఈజే అని ఒక లెక్క కడతారు, ఆ లెక్క ప్రకారం లిస్టులో పేరు రావాలి. వచ్చినా డబ్బు దిగిన రోజున చేతిలో పడదు, నెలలు పడుతుంది. మొదటి ఏడాదిలో చెప్పినన్ని క్రెడిట్లు పాస్ కాకపోతే తీసుకున్నది వెనక్కి కట్టమంటారు. ఇవి ఏ యాడ్‌లోనన్నా చూశారా?

సరే స్కాలర్‌షిప్ సంగతి ఎలాగోలా అవుతుంది. అసలు కష్టం ఇల్లు.

బొలోన్యా జనాభా 4 లక్షలు కూడా ఉండదు. యూనివర్సిటీలో మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ క్యాంపస్‌లు కూడా కలిపి దాదాపు 90 వేల మంది చదువుతున్నారు. ఇటలీ దక్షిణం నుంచి వచ్చే వాళ్ళ సొంత పిల్లలకే గది దొరక్క ఏడుస్తుంటే ఆన్‌లైన్లో ఫోటో చూసి వెతుక్కునే మన పిల్లలకి ఎవరిస్తారండి. ఒక మంచం పట్టే గదికి నెలకి 500, 600 యూరోలు మామూలు మాట అయిపోయింది, ఇద్దరు పంచుకునే గదిలో ఒక మంచానికి కూడా పోటీ ఉంది. కొంతమంది ఓనర్లు మా ముందే చెప్పేస్తారు, ఇటాలియన్ రాని వాళ్ళకి ఇవ్వం అని. వీసా కోసం ఇంటి ప్రూఫ్ అడుగుతారు కదా, దానికి కన్సల్టెన్సీ వాళ్ళు ఏదో హోటల్ బుకింగ్ పెట్టించి వీసా రాగానే క్యాన్సిల్ చేయించేస్తారు, వాళ్ళ పని అక్కడితో అయిపోతుంది, పిల్లవాడి పని అక్కడ మొదలవుతుంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇల్లు చూడకుండానే రెండు నెలల అద్దె ఆన్‌లైన్లో పంపింది, తీరా దిగి ఆ అడ్రస్‌కి వెళ్తే అక్కడ పళ్ళ డాక్టర్ క్లినిక్ ఉంది. ఆ డబ్బు వాళ్ళ నాన్న మిర్చి అమ్మిన డబ్బు. పిల్ల మా ఇంట్లోనే కొన్నాళ్ళు ఉంది, రాత్రిపూట ఏడుస్తుంటే ఏం చెప్పి ఓదార్చాలో నాకు తెలిసేది కాదు.

అందుకని తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు కొన్ని చెప్తాను. అద్దె కాంట్రాక్ట్ రాతపూర్వకంగా ఉండాలి, 30 రోజుల లోపు పన్నుల ఆఫీసులో రిజిస్టర్ అవ్వాలి. అడ్వాన్స్ చట్టం ప్రకారం మూడు నెలల అద్దెకి మించి అడక్కూడదు. యూరప్ బయటి మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఓనర్ 48 గంటల్లో పోలీసులకి రాసి ఇవ్వాలి. ఇవన్నీ చేస్తే ఓనర్ అద్దె మీద పన్ను కట్టాలి కాబట్టి కొందరు కాంట్రాక్ట్ లేకుండా చేతికి డబ్బు ఇచ్చెయ్ 50 యూరోలు తగ్గిస్తా అంటారు, మనవాళ్ళు చవక అని సరే అంటారు. ఆ కాగితం లేకపోతే మునిసిపాలిటీలో ఈ అడ్రస్ నాది అని రాయించుకోలేరు, స్కాలర్‌షిప్ వాళ్ళకి ఇంటి వివరాలు చూపించలేరు, ఓనర్ రేపు పొమ్మంటే పోవాల్సిందే. నెలకి 50 ఎక్కువైనా సరే కాగితం ఉన్న ఇల్లే తీసుకోండి. పిల్లలకి బంగారం గొలుసు పెట్టి పంపే బదులు మూడు నెలల అద్దె డబ్బు విడిగా పెట్టి పంపండి, నా సలహా ఇదే.

ఇక కాగితాలు. దిగిన 8 పని రోజుల్లోపు పోస్టాఫీసుకి వెళ్ళి పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికి పర్మిట్, దాని కిట్ నింపి ఇవ్వాలి, 16 యూరోల స్టాంప్ అంటించాలి, దానితో పాటు మిగతా ఫీజులు కలిపి 100 యూరోలు దాటుతుంది. వాళ్ళిచ్చే రసీదే కార్డు వచ్చేదాకా మీ ప్రాణం, పోగొట్టుకోవద్దు, దానికి జెరాక్సులు తీసి పెట్టుకోండి. తర్వాత పోలీసు ఆఫీసుకి పిలిచి వేలిముద్రలు తీసుకుంటారు. పొద్దున్నే లైన్లో నిలబడాలి, చలిలో కూడా.

కోదిచే ఫిస్కాలే అని 16 అక్షరాల పన్ను నంబర్ ఒకటి ఇస్తారు, అది లేనిదే సిమ్ దగ్గర్నుంచి అద్దె దాకా ఏదీ కదలదు. ఆ నంబర్ మన పేరు నుంచే తయారవుతుంది, ఇంటిపేరులోంచి మూడు అక్షరాలు, పేరులోంచి మూడు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు. ఆడపిల్లలకైతే పుట్టిన తేదీకి 40 కలుపుతారు. ఇండియాలో పుట్టిన వాళ్ళందరికీ జెడ్ 222 అని ఉంటుంది, అమృత్‌సర్ అయినా అనకాపల్లి అయినా ఒకటే. మన తెలుగువాళ్ళకి చిక్కు వచ్చేది ఇంటిపేరు దగ్గర. పాస్‌పోర్ట్‌లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు పేరుతో కలిపేసి ఉంటుంది, టెన్త్ మెమోలో ఒకలా పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటుంది. అప్పుడు ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాసుకుంటుంది, బ్యాంకు వాడు ఈ మనిషి ఆ మనిషి కాదు అంటాడు. ఇండియాలో ఉండగానే పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు విడివిడిగా సరి చేయించుకుని రండి, లేకపోతే ఇక్కడికొచ్చాక మిలాన్‌లో ఉన్న మన ఇండియా కాన్సులేట్ చుట్టూ తిరగాలి.

ఆరోగ్యం సంగతి కూడా ఒక్కటి చెప్పాలి. స్టూడెంట్స్ సర్కారు వైద్యంలో చేరాలంటే ఏడాదికి 700 యూరోలు కట్టాలి, 2024 నుంచి పెంచారు, అంతకుముందు 150 లోపే ఉండేది. ఆ ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబర్, చేరిన రోజు నుంచి లెక్క కాదు. అక్టోబర్‌లో కట్టిన వాళ్ళకి మూడు నెలల్లో అయిపోతుంది. అందుకని చాలామంది ఆ మూడు నెలలకి ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకుని జనవరిలో ఇందులో చేరతారు.

ఇంత చదివి ఈవిడ భయపెడుతోంది అనుకోవద్దండి. నాకు ఈ ఊరంటే చాలా ఇష్టం, ప్రాణం అనే చెప్పాలి. ఇష్టం కాబట్టే మన పిల్లలు ఇక్కడ గౌరవంగా బతకాలని కోరిక.

పాత ఊళ్ళో బతకడం కొత్తగా కట్టిన ఊళ్ళో బతకడం లాంటిది కాదు. మేముండే బిల్డింగ్ కొన్ని వందల ఏళ్ళ నాటిది, గోడలు రెండు మూరల మందం, లిఫ్ట్ లేదు, బియ్యం బస్తా అయినా గ్యాస్ పొయ్యి అయినా భుజాన వేసుకుని నాలుగు అంతస్తులు ఎక్కాల్సిందే. ఇళ్ళకి కరెంట్ మామూలుగా 3 కిలోవాట్లే ఇస్తారు, వాషింగ్ మెషిన్ తిరుగుతుండగా ఓవెన్ వేస్తే టప్‌మని పోతుంది, మీటర్ కింద గుమ్మం దగ్గరో సెల్లార్‌లోనో ఉంటుంది, చీకట్లో మెట్లు దిగి వేసుకుని రావాలి. ఇంట్లో హీటింగ్ మన ఇష్టం కాదు, ఈ ప్రాంతానికి అక్టోబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకి 14 గంటలకి మించకూడదని రూల్. చెత్త ఏ రోజు ఏది బయట పెట్టాలో వీధిని బట్టి ఉంటుంది, కాగితం వేరు ప్లాస్టిక్ వేరు, తప్పు రోజు పెడితే పక్కింటి ముసలావిడ తలుపు కొట్టి చెప్తుంది. మొదట్లో మన పిల్లలకి అది తిట్టులా అనిపిస్తుంది. అది తిట్టు కాదు, వాళ్ళు ఆ మెట్లని, ఆ గుమ్మాన్ని తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు, మనల్ని కూడా కాపాడమంటున్నారు అంతే. మెట్ల మీద ఎదురైతే బోన్ జోర్నో అనాలి, ఎవరైనా సరే అనాలి, షాప్‌లోకి వెళ్ళగానే అనాలి. ఈ ఒక్క అలవాటుతో సగం తలుపులు తెరుచుకుంటాయి, ఇది నేను కళ్ళతో చూసిన సంగతి.

మార్కెట్‌లో పండు చేత్తో పట్టుకోకూడదు, కొట్టువాడే తీసిస్తాడు, సూపర్ మార్కెట్‌లో అయితే ప్లాస్టిక్ గ్లవ్ వేసుకోవాలి. చిన్న కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు, ఆగస్ట్ 15 చుట్టుపక్కల ఊరు ఊరంతా సముద్రం దగ్గరికో కొండలకో వెళ్ళిపోతుంది, ఆ వారం ఏ ఆఫీసు పని పెట్టుకోవద్దు. కాఫీ బార్‌లో నిలబడి తాగి వెళ్ళిపోతే ఒక రేటు, కూర్చుంటే చాలాచోట్ల ఇంకో రేటు. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి, ఈ ఊరి తోర్తెల్లీని అనే పాస్తాలో లోపల పంది మాంసం ఉంటుంది అని చాలామందికి తెలుసు గానీ, రొట్టెలా కనిపించే పియదీనా పిండిలో, నూనెలో వేయించిన పూరీలా ఉండే క్రెషెంతీనేలో కూడా పాత పద్ధతిలో పంది కొవ్వు వాడతారు, పార్మిజానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. అడిగి తినండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, ఓపిగ్గా చెప్తారు. స్టేషన్ వెనక బొలొన్యీనా అనే పేటలో బంగ్లాదేశ్ వాళ్ళ, పాకిస్తాన్ వాళ్ళ కొట్లలో కందిపప్పు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు దొరుకుతాయి. పోపు పెట్టేటప్పుడు మాత్రం వంటింటి తలుపు మూసి కిటికీ తీయండి, కలిసి ఉండే ఇళ్ళలో గొడవలు ఎక్కువ దానికే.

వానొస్తే ఈ ఊళ్ళో గొడుగు అక్కర్లేదు. ఊరంతా వీధుల పక్కన స్తంభాల మండపాలు, పోర్తికో అంటారు, అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు ఉంటాయి, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కొండ మీద శాన్ లూకా గుడికి వెళ్ళేది ఒక్కటే 3.8 కిలోమీటర్లు, 666 కమానులు, ఆదివారం పొద్దున ముసలివాళ్ళు చిన్నపిల్లలు అందరూ దాని కింద నడుచుకుంటూ ఎక్కుతారు. ఈ మండపాలు ఎందుకొచ్చాయో తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. యూనివర్సిటీ 1088 నుంచి ఉందని చెప్తారు. చదువుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చిపడుతుంటే ఉండటానికి గదులు లేక, ఇళ్ళవాళ్ళు పై అంతస్తుని వీధి మీదకి జరిపి కట్టి కింద చెక్క స్తంభాలు నిలబెట్టారు. అది బాగుందని 1288లో మునిసిపాలిటీ వాళ్ళు కొత్త ఇల్లు ఎవరు కట్టినా పోర్తికో ఉండాల్సిందే, గుర్రం మీద మనిషి వెళ్ళేంత ఎత్తు ఉండాల్సిందే అని చట్టం చేశారు. స్త్రాదా మజ్జోరే అనే వీధిలో ఆనాటి చెక్క దూలాలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. అంటే చదువుకోవడానికి వచ్చిన పరాయి పిల్లలకి ఇల్లు దొరక్కపోవడం ఈ ఊళ్ళో ఎన్నో వందల ఏళ్ళ నాటి సమస్య, అప్పుడు ఊరే తన ఇళ్ళ ఆకారం మార్చుకుంది.

ఆ కాలం స్టూడెంట్స్ కూడా ఊరికే కూర్చోలేదు. పరాయి వాళ్ళకి ఇక్కడ పౌరుల హక్కులు లేవు, అందుకని దేశాలవారీగా సంఘాలు పెట్టుకున్నారు, పంతుళ్ళకి జీతాలు కూడా వాళ్ళే ఇచ్చి పెట్టుకునేవాళ్ళు. వాళ్ళ దేశం వాడు ఎవడో అప్పు చేస్తే ఆ అప్పు కోసం ఈ పిల్లల్ని పట్టుకునేవాళ్ళట, 1150ల్లో బార్బరోస్సా చక్రవర్తి అలా చేయకూడదని శాసనం ఇచ్చాడు. స్పెయిన్‌కి చెందిన అల్బోర్నోజ్ అనే కార్డినల్, అంటే చర్చిలో పెద్ద మతగురువు, అయితే స్పెయిన్ నుంచి వచ్చే పిల్లల కోసం 1364లో వీలునామాలోనే తన ఆస్తి రాసి బొలోన్యాలో ఒక వసతి గృహం పెట్టించాడు. ఆ ఇల్లు ఇవాళ్టికీ ఉంది, ఇవాళ్టికీ స్పెయిన్ పిల్లలు అందులో ఉండి చదువుకుంటున్నారు. దాని గోడ పక్క నుంచి నడిచిన ప్రతిసారీ నాకు మనవాళ్ళే గుర్తొస్తారు.

మనకి మాత్రం ఆ సంప్రదాయం లేదా? పట్నం వచ్చి చదువుకునే పిల్లాడికి వారానికి ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో అన్నం పెట్టి చదివించిన జాతి మనది, వారాలు చేసుకుని చదువుకున్న తాతలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు, ఆ తర్వాత ఎన్ని హాస్టళ్ళు వచ్చాయి, వాటిల్లో ఉండి చదువుకున్న వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయ్యారు. పంజాబీలని చూడండి, ఈ చుట్టుపక్కల పాల డైరీల్లో పని చేసుకుంటూ కూడబెట్టి నొవెల్లారా అనే చిన్న ఊళ్ళో 2000 నాటికే పెద్ద గురుద్వారా కట్టుకున్నారు, ఎవరు వెళ్ళినా అన్నం పెడతారు, మన పిల్లలు కూడా వెళ్ళి తినొస్తున్నారు. అమెరికాలో తెలుగు సంఘాలు ఎన్నున్నాయో, ఎంత ఘనంగా సభలు చేస్తారో మీ పేపర్‌లోనే ఫోటోలు చూస్తాం. ఇటలీకి వచ్చేది ఎక్కువగా డబ్బు లేని ఇళ్ళ పిల్లలు, అమెరికా పంపలేని ఇళ్ళవాళ్ళు, వాళ్ళకే ఆసరా ఎక్కువ కావాలి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్టీ వాళ్ళు, తెలంగాణ ఎన్నారై విభాగం వాళ్ళు, ఎవరైనా సరే, బొలోన్యాలో రెండు ఫ్లాట్లు సంస్థ పేరు మీద కాంట్రాక్ట్ తీసుకుని దిగిన పిల్లలకి మొదటి రెండు నెలలు మంచం ఇస్తే చాలు, ఉచితంగా కూడా వద్దు, న్యాయమైన అద్దె తీసుకోండి. ఆ రెండు నెలల్లో వాళ్ళు కాళ్ళ మీద నిలబడతారు.

కాళ్ళ మీద నిలబడటం అంటే నా లెక్కలో ఊళ్ళో కలవడం. మన పిల్లలు నలుగురు ఒక గదిలో ఉండి క్లాసుకి వెళ్ళి వచ్చి మన సినిమాలు చూసుకుని పడుకుంటే రెండేళ్ళు గడిచిపోతాయి గానీ ఊరు తెలీదు. మెయిన్ సెంటర్ పియాజ్జా మజ్జోరే పక్కనే సాలా బోర్సా అని పెద్ద లైబ్రరీ ఉంది, ఎవరైనా ఉచితంగా కూర్చోవచ్చు, కింద అద్దాల నేలలోంచి రోమన్ల కాలం నాటి పునాదులు కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి ఇటాలియన్ నేర్పే సర్కారు బడులున్నాయి, చీపియా అంటారు, ఖర్చు చాలా తక్కువ. బయల్దేరే ముందు ఇంటి దగ్గర రోజుకో గంట ఇటాలియన్ నేర్చుకుని వచ్చినవాడికి ఇల్లు దొరకడంలో కూడా తేడా ఉంటుంది, ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడగలిగితే ఓనర్ చూపే వేరు.

ఏటా ఆగస్ట్ 2న కుదిరితే స్టేషన్ దగ్గరికి వెళ్ళండి అని కూడా పిల్లలకి చెప్తాను. 1980లో ఆ రోజు వెయిటింగ్ హాల్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయారు, 10 గంటల 25 నిమిషాలకి. గోడ మీద గడియారం అదే టైం చూపిస్తూ ఉంటుంది. అంబులెన్సులు చాలక 37 నంబర్ సిటీ బస్సులో శవాల్ని మోశారు. ప్రతి ఏడూ ఊరు ఊరంతా నడుచుకుంటూ స్టేషన్‌కి వచ్చి ఆ నిమిషానికి మౌనంగా నిలబడుతుంది. మొదటిసారి మేము వెళ్ళినప్పుడు మా మేడ మీద ముసలావిడ మమ్మల్ని చూసి ఏమీ అనలేదు గానీ మా పాప చెయ్యి పట్టుకుని నడిచింది, ఆ తర్వాత నుంచి మేము ఆ బిల్డింగ్‌లో అద్దెకున్న వాళ్ళం కాదు, ఆ బిల్డింగ్ వాళ్ళం.

ఎడిటర్ గారూ, మీకు నా విన్నపం ఇది. యాడ్స్ వేయొద్దు అనను, అది మీ వ్యాపారం. కానీ యాడ్ వేసిన పేజీలోనే ఏడాదికి ఒక్కసారి అయినా, వీసాల సీజన్‌కి ముందే, ఇల్లు కాంట్రాక్ట్ గురించి, ఈజే కాగితాల గురించి, పాస్‌పోర్ట్‌లో పేరు గురించి ఒక వివరమైన ఆర్టికల్ వేయండి. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడగాలి, మా పిల్ల దిగిన రాత్రి ఏ ఇంట్లో పడుకుంటుంది, ఆ ఇంటి కాంట్రాక్ట్ చూపించండి అని. మీకు వివరాలు కావాలంటే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఎంత ఖర్చవుతుందో నేను ఓపిగ్గా రాసి పంపిస్తాను, ఇక్కడున్న మన పిల్లలు కూడా సాయం చేస్తామన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బొలోన్యా, ఇటలీ